ఎర్త్ అందని బల్బు

మాసబ్ ట్యాంక్ సిగ్నల్ దగ్గర
బైకు మీది పిల్లవాడు అద్దం మీద తట్టాడు.
"మేడం, మీ బ్రేక్ లైట్లు వస్తలేవు.
జరంతయితే గుద్దేటోణ్ణి."
మాట పూర్తికాకముందే పచ్చ పడింది.
ముఖం గుర్తులేదు,
హెల్మెట్ పట్టీ గాలికి వేలాడుతోందని మాత్రం గుర్తు.

ఎన్నాళ్ల నుంచి రావడం లేదో.
నా కారు వెనక సంగతి
నాకు తప్ప ఊరందరికీ తెలుసు.

ఆదివారం. సెల్లారు. పదకొండేళ్ల ఆల్టో.
రెండు స్క్రూలు విప్పి లాగితే
ఎర్ర గిన్నె ఊడి చేతిలోకొచ్చింది,
గిన్నెలో ఒక చచ్చిన ఈగ.
బల్బులో రెండు వెంట్రుకలు ఉంటాయి:
సన్నది చీకటికి, లావుది ఆగడానికి.
కుడివైపు లావుది తెగింది.
ముప్ఫై రూపాయల బల్బుతో అది లేచి కూర్చుంది.
ఎడమ దానికి తెగిందేమీ లేదు. అయినా పలకదు.
ఫ్యూజు తీసి వెలుగుకు పెట్టి చూశాను,
పదిహేను అంకె వేసిన నీలం పలుకు,
దాని తీగ నిక్షేపంగా ఉంది.

బ్రేకు తొక్కడం, వెనక నిలబడి చూడటం
ఒక్క మనిషికి అయ్యే పని కాదు.
ఇంట్లో ఉన్నది ఒక్క మనిషే.

వాచ్‌మన్ భార్య సాయవ్వను పిలిచాను.
చీపురు చంకలో పెట్టుకుని వచ్చి నిలబడింది.
"వచ్చిందా?"
"కుడిది వచ్చింది."
"ఎడమది?"
"అనుమానంగున్నది."
లైట్లు వేసి మళ్ళీ తొక్కాను.
"అగో! తొక్కితే ఉన్నది గూడ పోయె!
అచ్చం మా ఇంటాయన లెక్కనే.
గట్టిగ అడిగితే
నోట్లున్న మాట గూడ మింగుతడు."
సెల్లారంతా వినబడేలా నవ్వింది.
నేనూ నవ్వాను, కాలు బ్రేకు మీదే ఉంచి.

పుత్లీబౌలి సందులో
షట్టరు సగమే ఎత్తే దుకాణం ఖుద్దూస్ భాయ్‌ది.
కళ్ళద్దాల కాడ ఒకటి విరిగితే
రాగి తీగ చుట్టుకున్నాడు.
బల్బు ముట్టుకోలేదు, ఫ్యూజు అడగలేదు.
ఒక తీగ ముక్క తీసుకుని
ఒక కొస కారు ఒంటికి, ఒక కొస హోల్డరుకి
తాకించాడు.

భగ్గుమంది.

"కరెంటు మంచిగనే వస్తుంది మేడం.
వాపస్ పోనీకి తోవ లేదు.
పోయేది ఉంటెనే వెలుగుతది.
లేకుంటె పక్క బల్బుల్లకెళ్లి
దొంగ లెక్క తిరుగుతది.
ఎర్త్ నై మిల్‌రా."

కిందటి వానకాలం సెల్లార్లో
సీట్ల దాకా నిలిచిన నీళ్ళు.
సీట్లు ఎండాయి, వాసన పోయింది,
నేను మర్చిపోయాను.
డిక్కీ మూల ఒక్క బోల్టు మర్చిపోలేదు.
గరుకు కాగితంతో దాన్ని గీకుతుంటే
ఎండిన మెహిందీలా రాలింది తుప్పు.
కింద ఇనుము ఇంకా తెల్లగానే ఉంది.

వంద తీసుకున్నాడు.
"వెనక చూసెటోళ్ళు ఎవరూ లేరా మేడం?"
జవాబు కోసం ఆగలేదు, చేతులు తుడుచుకుంటూనే,
"ఏం ఫరక్ పడదు.
రాత్రి కారు రివర్స్ జేసి గోడకు వీపు వెట్టుర్రి.
తొక్కుర్రి. అద్దంల చూస్కోర్రి.
గోడ అబద్ధం చెప్పదు."

ఎదురు దుకాణం మూసిన షట్టరు మీద
రెండు ఎర్ర మరకలు, ఒకే ఎత్తున.
అవసరం లేకున్నా మూడుసార్లు తొక్కాను.

లక్డీకాపూల్ దగ్గర ముందొక తెల్ల కారు,
కుడి దీపం చచ్చిపోయి.
పక్కకు చేరి అద్దం దించి
వెనక్కి చెయ్యి చూపించాను.
కొట్లాటకు వచ్చాననుకున్నాడు కాబోలు,
అద్దం పైకెక్కించేశాడు.
వెనక సీట్లో చిన్నపిల్ల మాత్రం
నా చెయ్యి చూసి తనూ చెయ్యి ఊపింది.

పచ్చ పడింది. ఒంటికన్నుతో వెళ్ళిపోయాడు.
నా వెనక హారన్లు మొదలయ్యాయి,
ఒకటి, నాలుగు, లెక్కలేనన్ని.
నేనింకా బ్రేకు మీంచి కాలు తీయలేదు.